నాలుగింటి పర్మిషన్

ఆ రోజు ప్యాకింగ్ సూపర్‌వైజరు పెట్టుకున్నది ఒకటే పని. సాయంత్రం నాలుగింటికి ఫ్యాక్టరీలోంచి బయటపడి, నాలుగున్నరకు మొదలయ్యే కూతురి స్కూలు నాటకంలో ముందు వరుసలో కూర్చోవడం. కుర్చీలకు అట్టలు చుట్టి లారీ ఎక్కించే మనిషికి ఇదేమంత ఘనకార్యం కాదు. కాని నిరుడు కూడా ఇలాగే అనుకున్నాడు. తీరా వెళ్ళేసరికి హాలు ఊడుస్తున్నారు. కూతురు వారం రోజులు మాట్లాడలేదు.

"ఈసారి నాకు డైలాగుంది నాన్నా. ఒక్కటే. లేటైతే అయిపోతుంది," అంది కూతురు బూటు లేసు కట్టుకుంటూ.

"ఒట్టు తల్లీ. ఆకాశం విరిగి మీద పడ్డా వస్తాను."

"ఆకాశం సంగతి తర్వాత, ముందు పర్మిషన్ అడగండి," అంది వంటింట్లోంచి భార్య. "మీకు అడగడానికే నోరు పెగలదు."

పెగిలినా లాభం లేదని ఆవిడకు తెలియదు. కొత్త మేనేజరు ఏదో మూడు రోజుల శిక్షణకు వెళ్ళొచ్చిన దగ్గర్నుంచి మామూలు మాటలు మానేశారు. ఫ్యాను తిరగడం లేదని పనివాళ్ళు మొరపెట్టుకుంటే, "లెట్స్ లుక్ ఎట్ ద బిగ్ పిక్చర్," అన్నారు. అందరూ తలూపి, చెమటలు తుడుచుకుంటూ వచ్చేశారు. ఆ ఫ్యాక్టరీలో అదొక ఆచారం. అర్థం కాకపోతే తలూపాలి, బొత్తిగా అర్థం కాకపోతే డైరీలో రాసుకోవాలి. ఎదురు అడిగారో, తెలియదన్న సంగతి నలుగురికీ తెలిసిపోతుంది. ఆ అప్రతిష్ఠ ఎవరిక్కావాలి?

తొమ్మిదింటికి సూపర్‌వైజరు ధైర్యం చేసి లోపలికెళ్ళాడు. "సార్, ఇవాళ నాలుగింటికి మా అమ్మాయి..."

"యా, యా! బాల్ ఈజ్ ఇన్ యువర్ కోర్ట్," అన్నారు మేనేజరు కంప్యూటర్లోంచి తలెత్తకుండా. "బట్ లెట్స్ నాట్ మూవ్ ద గోల్‌పోస్ట్స్."

సూపర్‌వైజరు తలూపాడు. బయటికొచ్చి డైరీలో రాసుకున్నాడు. తిన్నగా డిస్పాచి క్లర్కు దగ్గరికి పరుగెత్తాడు. మేనేజరు నోటి వెంట వచ్చిన ప్రతి ముక్కనీ ఒక లావుపాటి నోటుబుక్కులో ఎక్కించి పెట్టుకున్న భక్తుడు ఆ క్లర్కు.

"వెళ్ళమన్నట్టా, వద్దన్నట్టా తమ్ముడూ?"

"రెండూ కాదన్నా. నోటితో అడిగితే ఇంతే. కాగితం పెట్టు. అదీ ఆయన భాషలో పెట్టు. మామూలు సెలవు చీటీ అయితే ఆయన ముట్టుకోడు."

క్లర్కు నోటుబుక్కు ముందేసుకుని అరగంటలో చీటీ తయారు చేశాడు. అందులో 'లో హ్యాంగింగ్ ఫ్రూట్' ఉంది, 'గేమ్ ఛేంజర్' ఉంది, 'అందరం సేమ్ పేజ్ మీదికి రావాలి' అని రెండు చోట్ల ఉంది. నాలుగు గంటలు అన్నది మాత్రం పెద్దక్షరాల్లో ఉంది.

"ఇందులో స్కూలేదీ?" అన్నాడు సూపర్‌వైజరు.

"'లాంగ్ టర్మ్ విజన్' అనుంది చూడు, అదే మీ అమ్మాయి."

మేనేజరు చీటీని రెండుసార్లు చదివారు. ఒక్క ముక్క బోధపడలేదు. కాని ఈ భాషను ఆ ఆవరణలో ప్రవేశపెట్టినదే తాను. తనకే తెలియదంటే ఏం బాగుంటుంది? "ఎక్సలెంట్! వెరీ ఔటాఫ్ ద బాక్స్!" అని జనరల్ మేనేజరుకు పంపించారు. ఆయనకు ఇంకా తక్కువ అర్థమైంది. అంటే ఇదేదో చాలా పెద్ద సంగతి అయ్యుంటుందని భయపడి, ఫ్యాక్టరీ యజమానురాలైన మేడమ్‌కు పంపించారు. భోజనాల వేళకు రంగులు వేసేవాళ్ళు కొత్త మిషన్లు వస్తున్నాయన్నారు, వడ్రంగులు తమను తీసేస్తున్నారన్నారు. రెండింటికి బోర్డు మీద నోటీసు వెలిసింది. ప్యాకింగ్ సూపర్‌వైజరు తన నూతన పథకాన్ని మేడమ్ సమక్షంలో వివరిస్తారు, అందరూ రావాలి, సమయం నాలుగు గంటలు.

"సెలవు చీటీకి మీటింగేమిట్రా!" అని సూపర్‌వైజరు జుట్టు పీక్కున్నాడు.

"ఊరికే తలూపుతూ ఉండన్నా, పది నిమిషాల్లో అయిపోతుంది," అన్నాడు క్లర్కు, అతని చూపు తప్పించుకుంటూ.

మీటింగు హాల్లో ఆ చీటీని గోడంత తెర మీద వేశారు. జనరల్ మేనేజరు పొగిడారు. మేనేజరు ఇంకా పొగిడారు. నాలుగూ పది దాటింది. ఎట్టకేలకు, "ఓవర్ టు యూ," అన్నారు. సూపర్‌వైజరు లేచాడు. యాభై తలలు ముందే ఊగడం మొదలుపెట్టాయి. ఎదురుగా గడియారం ముల్లు కదిలింది. ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది.

"మేడమ్, ఇది పథకమూ కాదు, పాడూ కాదు. సెలవు చీటీ. నాలుగున్నరకి మా అమ్మాయి నాటకముంది. నిరుడు పోలేకపోయాను. ఇవాళా పోకపోతే దాని మొహం చూడలేను. నన్ను పంపించెయ్యండి!"

తలలన్నీ ఆగిపోయాయి. మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఆరు నెలల్లో ఈ గదిలో నాకు అర్థమైన మొదటి మాట ఇదేనయ్యా," అన్నారు. "నాకే ఏమీ రాదనుకుని రోజూ పడుకునే ముందు డిక్షనరీ చదువుతున్నాను."

"మీరూనా మేడమ్?" అన్నారు జనరల్ మేనేజరు పట్టలేని సంతోషంతో.

మేనేజరు మెల్లగా చెయ్యెత్తారు. "నిజం చెప్పేస్తాను మేడమ్. శిక్షణలో రెండో రోజు నాకు జ్వరం. సగం పాఠం వినలేదు."

హాలు గొల్లుమంది. ఆ నవ్వుల్లోనే ఒక వడ్రంగి లేచి ఫ్యాను తిరగడం లేదని చెప్పాడు, అందరికీ వెంటనే అర్థమైంది. "ఇంకా నిలబడ్డారేం? నా కారులో వెళ్ళండి," అని మేడమ్ సూపర్‌వైజరును తరిమినంత పని చేశారు.

ఆయన వెళ్ళేసరికి నాటకం మధ్యలో ఉంది. భార్య అట్టిపెట్టిన ముందు వరుస కుర్చీలో రొప్పుతూ కూలబడ్డాడు. అప్పుడే భటుడి వేషంలో కూతురు వేదిక మీదికి దూసుకొచ్చింది. శత్రువు వచ్చాడని రాజుకు చెప్పాలి, అదే ఆమె డైలాగు. "మహారాజా!" అంటూ జనం వైపు చూసింది. కళ్ళు ఇంతలేసి చేసుకుంది.

"మహారాజా! మా నాన్న వచ్చాడు!"

హాలంతా చప్పట్లతో మారుమోగిపోయింది. సూపర్‌వైజరు కళ్ళు తుడుచుకున్నాడు. రాజుగారు మాత్రం, నేర్పినది నేర్పినట్టే, కిరీటం చేత పట్టుకుని కోట వదిలి పారిపోయాడు.