పడవవాడి పిలుపు

"రండి, భోంచేద్దాం" అన్నవాడిది తప్పా, నిజంగానే వచ్చి కూర్చున్నవాడిది తప్పా? నైలు నది పడమటి ఒడ్డున ఈ ప్రశ్న ఎన్ని తరాలుగా నలుగుతున్నదో ఎవరూ చెప్పలేరు. తేల్చినవారు మాత్రం ఇంతవరకు లేరు. తేల్చవలసిన పెద్దలందరూ ఎప్పుడో ఒకప్పుడు ఆ మాట అని తప్పించుకున్నవారే కావడం అందుకు కారణం కావచ్చు.

గైడు రిఫాత్ ఆ మాటను రోజూ అనేవాడు. పర్యాటకులకు గుళ్ళూ గోరీలూ చూపించి, చివర గుడి వాకిట నిలబడి, చెరకు తోటల అవతల కనిపించే నీలి తలుపును వేలితో చూపి, "అదే మా ఇల్లు, దయచేయండి, భోంచేసి వెళ్దురుగాని" అనేవాడు. అది పడవవాడి పిలుపు. ఏటి నడుమ రొట్టె విప్పుకున్న పడవవాడు ఒడ్డున నిలబడ్డవాణ్ణి రమ్మని కేక వేస్తాడు. ఒడ్డున ఉన్నవాడు కుడి అరచేయి గుండెమీద పెట్టుకొని వద్దంటాడు. ఇద్దరికీ మర్యాద దక్కుతుంది, రొట్టె ఎవరిది వారికే ఉంటుంది. విదేశీయులు కూడా ఇన్నేళ్ళుగా గడియారం చూసుకొని కృతజ్ఞతలు చెప్పి బస్సెక్కుతూ వచ్చారు. రిఫాత్ తనను గొప్ప ఆతిథ్యం గల మనిషిగా భావించుకునేవాడు. ఒక్కరికీ అన్నం పెట్టకుండా ఆ పేరు సంపాదించడం సామాన్యమైన విషయం కాదు.

ఆ రోజు పథకం సులువైనది. ఫిన్లాండు నుంచి వచ్చిన పదిహేనుమంది దాకా విశ్రాంత ఉపాధ్యాయులకు కొండకింది గోరీలు, ఆపైన గుడి చూపించి మధ్యాహ్నానికి రేవులో దింపాలి. ఇంటికి వచ్చి, భార్య అతియాత్‌కు అన్నయ్య అయిన హాజీ బదావీతో కలిసి భోంచేయాలి. బదావీ ఆ గడప తొక్కి చాలాకాలమైంది. ఒక పండుగ నాడు రిఫాత్ రేవులో ఎదురుపడి "బావా, రేపు మా ఇంట్లోనే భోజనం" అన్నాడు. బదావీ పెళ్ళాం పిల్లలతో ఎండలో ఏరు దాటి వచ్చేసరికి తలుపుకు తాళం ఉంది. అతియాత్ పొరుగూరికి పరామర్శకు పోయి ఉంది, రిఫాత్ కాఫీ కొట్టులో పాచికలాడుతున్నాడు. ఆనాటినుంచి అన్నాచెల్లెళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. నెల కిందట అతియాత్ తానే ఏరు దాటి వెళ్ళి, అన్న వాకిట కూర్చొని, వస్తానన్న మాట తీసుకొని కదిలింది.

వచ్చేది ఒక్క మనిషే అయినా అలక పెద్దది కాబట్టి ఆమె పెళ్ళికి వండినట్టు వండింది. గోధుమ రవ్వ కూరిన పావురాలు, మొలోఖియా ఆకు పులుసు, ఎండలో పొంగబెట్టి కాల్చిన రొట్టెలు. తెల్లవారకముందే పొయ్యి రాజేసిన మనిషి, భర్త చెప్పులు తొడుక్కుంటుంటే వాకిట్లోకి వచ్చి, అలవాటు ప్రకారం కొడుకు పేరుతో పిలిచింది.

"మర్వాన్ నాన్నా, ఇవాళ ఒక్కరోజు నోరు కట్టుకో. ఎవర్నీ పిలవకు."

"నేను పిలిస్తే మాత్రం ఎవరొస్తారే?"

"ఆనాడు మా అన్నయ్య వచ్చాడు," అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

మొదటి గోరీలో రిఫాత్ తనకు అత్యంత ప్రీతిపాత్రమైన ఉపన్యాసం ఇచ్చాడు. లోపల పడుకున్న ప్రభువు గోడమీద దారినపోయేవారికి ఒక విన్నపం చెక్కించుకున్నాడు: తనకు వేయి రొట్టెలు, వేయి కుండల బీరు, ఎద్దులు, బాతులు అని వారు పైకి పలికితే చాలు, అవన్నీ తనకు ముడతాయి; తేవలసిన పని లేదు, నోటిలోని గాలే నైవేద్యం. ఆ బృందంలో ఐలా అనే పొడవాటి ఆవిడ ఉంది. జీవితమంతా లెక్కలు చెప్పిన మనిషి. ఆమె ఆ గోడను చాలాసేపు చూసి, అన్నం పెట్టకుండా పెట్టామని చెబితే సరిపోతుందా అని అడిగింది. చనిపోయినవాళ్ళకు సరిపోతుందని రిఫాత్ నవ్వుతూ జవాబిచ్చాడు.

గుడి వాకిటికి వచ్చేసరికి అతడికి భార్య హెచ్చరిక గుర్తు లేదని చెప్పడం అబద్ధం. గుర్తుంది. అయినా చేయి దానంతట అదే లేచింది, వేలు నీలి తలుపును చూపింది, నోరు తన మాట తాను అనేసింది. ఫిన్లాండువారు ఒకరినొకరు చూసుకొని తమ భాషలో కొద్దిసేపు ఆలోచించుకున్నారు. వారి దేశంలో మాటలను అర్థం కోసం వాడతారు.

"థాంక్యూ," అంది ఐలా. "వస్తాం."

వద్దనడానికి మూడో పిలుపు వరకు గడువుంటుందని రిఫాత్‌కు తెలుసు. ఆమెకు తప్పుకునే దారి చూపుదామని, ఇల్లు చాలా చిన్నదన్నాడు. సర్దుకుంటామంది. తన భార్యది పల్లెటూరి వంట అన్నాడు. హోటలు తిండితో విసిగిపోయామంది. మూడోసారి, ఇక తప్పక వద్దంటుందన్న ఆశతో, "మీరు రాకపోతే నా మనసు కష్టపడుతుంది మేడమ్" అన్నాడు. ఐలా చలించిపోయింది. ఆ మాటను తనవారందరికీ అనువదించింది. వెనక నిలబడి ఫొటోలు తీసుకుంటున్న ముసలాయన కూడా కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

బస్సు డ్రైవరు బర్సూమ్ ఇదంతా స్టీరింగు మీద మోచేతులు ఆన్చుకొని విన్నాడు. "మేష్టారూ, నన్ను కూడా పిలవండి. మా చర్చి ఉపవాస దినాలు కదా, మాంసం ముట్టను. ఈ బస్సులో మీరు ధైర్యంగా పిలవదగ్గవాణ్ణి నేనొక్కణ్ణే."

రిఫాత్ స్తంభం చాటుకు పోయి ఇంటికి ఫోను చేశాడు. ఒకరిద్దరు అతిథులు రావచ్చునన్నాడు. ఎవరు పిలిచారని అతియాత్ అడిగింది. "వాళ్ళే వస్తామన్నారు" అన్నాడు. ఆ వాక్యంలో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదని గమనించాలి. ఇటువంటి వాక్యాలు నిర్మించడంలో మగవారికి ప్రత్యేకమైన శిక్షణ ఎక్కడ దొరుకుతుందో తెలియదు.

ఇక మిగిలిన ఆశ ఒక్కటే. బాగా తిప్పితే అలసిపోయి హోటలుకు పోదామంటారు. అందుచేత వారిని మళ్ళీ గుడిలోకి తీసుకుపోయి, తొలినాటి క్రైస్తవులు దేవతల బొమ్మలపైన చెక్కిన శిలువలను ఒక్కొక్కటే చూపాడు. అక్కడినుంచి ఎడారి అంచున ఉన్న మఠానికి నడిపించాడు. ఎండ ముదిరింది. అలసట రాలేదు, ఆకలి వచ్చింది. మఠం వాకిట వృద్ధ సన్యాసిని ఒకామె, చేతిలో రొట్టెల బుట్టతో, "దయచేయండి బిడ్డలారా" అంది. రిఫాత్ ఉలిక్కిపడి, అరచేయి గుండెకు అదిమిపెట్టి, వద్దు తల్లీ వద్దని వేగంగా వెనక్కు నడిచాడు.

ఆమె ఏమందని ఐలా అడిగింది. తినడానికి పిలిచిందన్నాడు. మరి మీరెందుకు వద్దన్నారని అడిగింది. ఆ క్షణంలో నిజం చెప్పే అవకాశం అతడికి పూర్తిగా దొరికింది: మాలో కొన్ని పిలుపులు వద్దనిపించుకోవడానికే ఉంటాయి, నాదీ అటువంటిదే అని చెప్పవచ్చు. రిఫాత్ గొంతు సవరించుకొని, "ఇంట్లో మనకోసం వండి ఉంచారు కదా మేడమ్" అన్నాడు.

బస్సు నీలి తలుపు ముందు ఆగింది. అతియాత్ దిగుతున్నవారిని లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో మానేసింది. అతిథులతో మాత్రం నవ్వుతూ, మీ రాకతో ఇల్లు వెలిగిందంది. భర్తవైపు కన్నెత్తి చూడలేదు. పొరుగిళ్ళనుంచి రొట్టెలు తెప్పించగలిగింది. కూరిన పావురాలు ఏ ఇంటా సిద్ధంగా ఉండవు.

ఆ తరువాత జరిగినదానికి ఎవరినీ నిందించలేము. ఫిన్లాండులో పళ్ళెంలో మెతుకు వదిలితే అవమానం. ఇక్కడ అతిథి పళ్ళెం ఖాళీగా కనిపిస్తే ఇంటికి అవమానం. వారు మర్యాదకోసం తుడిచి తిన్నారు, ఆమె మర్యాదకోసం మళ్ళీ వడ్డించింది. కొంతసేపటికి ఆకలి ఎవరికీ లేదు, మర్యాద మాత్రం ఇరువైపులా తగ్గలేదు. ఐలా చివరి పావురాన్ని కళ్ళలో నీళ్ళతో తిన్నది. వంటింట్లో గరిటె కుండ అడుగును గీసిన చప్పుడు ముందుగదిలోకి వినిపించింది. రిఫాత్ తల వంచుకొని తన మోకాళ్ళను చూసుకున్నాడు. బర్సూమ్ మూలన కూర్చొని, రొట్టెతో ఆలివ్ కాయలు నంజుకుంటున్నాడు.

వెళ్ళేటప్పుడు ఐలా అతియాత్‌ను కౌగలించుకొని, రిఫాత్ చేయి పట్టుకుంది. "చనిపోయినవాళ్ళకి మాట చాలన్నారు పొద్దున. మేం బతికున్నవాళ్ళమని మీరు గుర్తుపెట్టుకున్నారు. మర్చిపోం." వ్యంగ్యం ఆమెకు తెలియదు. తెలిసి ఉంటే అతడికి కొంత తేలికయ్యేది.

బస్సు లేపిన దుమ్ము ఇంకా అణగలేదు, సందు మలుపులో హాజీ బదావీ కనిపించాడు. పొద్దు వాలిన వేళ నమాజు ముగించుకొని, చెప్పిన సమయానికి, చేతిలో గుడ్డ కప్పిన బుట్టతో వచ్చాడు. గదిలోకి అడుగుపెట్టి, పళ్ళేలలోని ఎముకలను చూశాడు, చెల్లెలి ముఖం చూశాడు. అతియాత్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"బావా, అనుకోకుండా..." అని మొదలుపెట్టాడు రిఫాత్.

బదావీ చేయెత్తి ఆపాడు. "కంగారు పడకు బావా. పిలిచింది మా చెల్లి కాబట్టి వచ్చాను. ఇల్లు నీది కాబట్టి తెచ్చుకున్నాను."

నట్టింట గుడ్డ పరిచాడు. వేయించిన చేపలు, వంకాయ, ముల్లంగి ఊరగాయ, రొట్టెలు తీసి పెట్టాడు. తెల్లవారుజాము నుంచి ఒక్క ముద్ద తినని అతియాత్‌ను చేయి పట్టి కూర్చోబెట్టాడు. అన్నాచెల్లెళ్ళు ఎదురెదురుగా తింటున్నారు. ఆమె ఏడుస్తూనే ఏదో అన్నది, అతడు నవ్వాడు. రిఫాత్ తన ఇంటి గడపలో నిలబడి ఉన్నాడు. పళ్ళేలు నింపే హడావిడిలో అతడూ ఏమీ తినలేదు.

బదావీ రొట్టె తుంచి, ముక్క గాలిలోకి ఎత్తి, తల తిప్పకుండానే అన్నాడు:

"దయచేయి, బావా."

ఆ స్వరం రిఫాత్‌కు బాగా తెలుసు. గుడి వాకిట రోజూ తాను పెట్టే స్వరం అదే. ఇందులో నిజమెంతో కనిపెట్టే ఉపాయం అతడికి తెలియదు. ఎన్నడూ అవసరం పడలేదు. సిగ్గుతో చెవులు కాలుతుండగా కుడి అరచేయి నెమ్మదిగా గుండెమీద పెట్టుకున్నాడు.

"మీరు కానివ్వండి. నాకు ఆకలి లేదు."

ఆచారం ప్రకారం రెండోసారి పిలవాలి. రిఫాత్ ఎదురుచూశాడు. అతియాత్ అన్నకు ఊరగాయ అందించింది.

ఈ వారంలో మీరెవరినైనా భోజనానికి రమ్మని ఉంటే, చదివింది చాలు. వెళ్ళి బియ్యం కడగండి.