కామరాజు గారి వెనక తలుపు

తుపాకులు అమ్మేవాళ్ళను కూడా నేరానికి బాధ్యుల్ని చేయాలట! మా పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఈ మధ్య ఒక గొంతు వినిపిస్తోంది. ఇంత అన్యాయమైన మాట నా జన్మలో వినలేదు. పాఠకులారా, దొంగ తుపాకీ మన ప్రాంతానికి దక్కిన వరం. దాన్ని అమ్మేవాడు దేవుడు. దేవుణ్ణి ఎవరైనా బోనెక్కిస్తారా?

మా చౌరస్తాలో తుపాకుల షాపు నడిపే కామరాజు గారినే తీసుకోండి. ఆయన షాపుకు రెండు తలుపులు. ముందు తలుపులోంచి వెళితే లైసెన్సు కావాలి, దానికోసం కలెక్టరాఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరగాలి. వెనక తలుపులోంచి వెళితే "చాయ్ తాగుతారా?" అని అడుగుతారు, అంతే. పరిశ్రమలకు సింగిల్ విండో పెడతామని ప్రభుత్వం ఏళ్ళ తరబడి చెబుతూనే ఉంది. కామరాజు గారు చెప్పకుండానే పెట్టేశారు.

ఆ తలుపు వల్ల జరిగిన మేలు ఇంతా అంతా కాదు! జిన్నారం వైపు ప్లాటు తగాదా వస్తే, ఒకప్పుడు తాత వేసిన దావాకు మనవడు తీర్పు వినేవాడు. ఇప్పుడు బల్ల మీద నాటు పిస్తోలు పెడితే చాలు, చాయ్ చల్లారకముందే హద్దురాయి తనంతట తాను జరుగుతోంది. యూనియన్ ఎన్నికల్లో ఓట్లు లెక్కపెట్టే బాధ తప్పింది. సంగప్ప కొడుకు బరాత్‌కు బ్యాండువాళ్ళు రాకపోతే గాల్లోకి కాల్చి కానిచ్చారు. బెదిరిన గుర్రం పెళ్ళికొడుకుతో సహా భానూర్ దాకా పరుగెత్తింది. పెళ్ళికూతురిది ఆ ఊరే కాబట్టి ముహూర్తానికి ముందే చేరాడు!

ఇన్ని మేళ్ళు చూసి ఓర్వలేని మనిషి ఒక్కతే, చిట్కుల్ దేవమ్మ. ఆమె భర్త పెంటయ్య ఒక మందుల ఫ్యాక్టరీలో వాచ్‌మన్. పోయిన ఎండాకాలం గోడ దూకి స్క్రాపు ఎత్తుకెళ్తున్న వాళ్ళను "ఎవడ్రా అది?" అన్నాడు. ఇంత మర్యాద లేకుండా అడిగితే ఎవరికైనా కోపం రాదా? వాళ్ళలో ఒకడు పిస్తోలు పేల్చాడు. మోకాలు పోయింది, దాంతోపాటు కొలువూ పోయింది. కాల్చినవాడు దొరికాడు. పిస్తోలు వాగులో పారేశానన్నాడు. కొన్నది మాత్రం కామరాజు గారి వెనక తలుపు దగ్గరేనని వాడి నోటితో వాడే ఒప్పుకున్నాడు.

అప్పటినుంచి దేవమ్మ ఠాణా వదలదు. "కాల్సినోని పేరు రాసిండ్రు, సరే. అమ్మినోని పేరు గూడ రాయుండ్రి సారూ" అని ఒకటే పోరు.

ఏమని రాస్తారమ్మా? వంకాయ పుచ్చితే అంగడివాణ్ణి అడుగుతాం. చెప్పు తెగితే కొట్టువాణ్ణి నిలదీస్తాం. ఇక్కడ తుపాకీ పేలింది కదా! పేలకపోతే కదా వినియోగదారుల ఫోరానికి వెళ్ళేది? సరుకులో లోపమెక్కడుంది?

ఇంతలో దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు మన దగ్గర లేతు మిషన్ నుంచి టిప్పర్ దాకా అన్నింటికీ బొట్టూ బంతిపూల దండా పడతాయి. ఆ ఒక్కరోజూ పనిముట్టు పనిముట్టు కాదు, అమ్మవారు. బతుకమ్మకు ఆడబిడ్డల్ని పుట్టింటికి పిలిచినట్టు, కామరాజు గారు తాను అమ్మిన తుపాకులన్నింటినీ పూజకు పిలిచారు. వెనక తలుపులోంచి వెళ్ళినవన్నీ దర్జాగా ముందు తలుపులోంచి వచ్చాయి. పట్టుబట్ట మీద వరసగా పడుకోబెట్టి పసుపూ కుంకుమా పెట్టారు. ఇన్‌స్పెక్టర్ గారు బూట్లు విప్పి మరీ దండం పెట్టుకున్నారు. లైసెన్సులు అడగలేదా అంటారా? అమ్మవారిని లైసెన్సు అడిగితే కళ్ళు పోవూ!

నేను పులిహోర తింటూ ఉండగా దేవమ్మ వచ్చింది. కొంగుముడి విప్పి, పెంటయ్య మోకాల్లోంచి డాక్టర్లు తీసిన తూటాను పట్టుబట్ట మీద పెట్టింది.

"ఇది గూడ నీ దుకాణం బిడ్డనే గద సేటూ. గన్నిటికి పెట్టినవు, దీనికి గూడ జెర బొట్టు పెట్టు" అంది.

నాకు సిగ్గేసింది. పులిహోర పక్కన పెట్టేశాను. అదృష్టవశాత్తు ఇన్‌స్పెక్టర్ గారు తేరుకున్నారు.

"ఇది నీ దగ్గరెందుకుంది?" అన్నారు.

"మీ తానకే తెచ్చిన గద సారూ. తుపాకి దొరకంది తూటతోని మాకేం పని, నువ్వే పెట్టుకో అంటిరి. పెట్టుకున్న."

"లైసెన్సుందా?"

చూశారా, చట్టం నిద్రపోదు! లైసెన్సు లేకుండా మందుగుండు దగ్గర పెట్టుకున్నందుకు దేవమ్మ మీద అక్కడికక్కడే కేసు కట్టారు. మరి అది నిజంగా తూటాయేనని తేల్చడానికి తెలిసినవాళ్ళు కావాలి కదా? పౌరబాధ్యత గల కామరాజు గారే ముందుకొచ్చారు. తూటాను వెలుగులో తిప్పి తిప్పి చూసి, "మా సరుకే సార్, గ్యారంటీ!" అన్నారు. ఆ మాట పొల్లు పోకుండా పంచనామాలోకి ఎక్కింది.

అమ్మినవాడి పేరు కేసులో రాయమని దేవమ్మ ఇన్నాళ్ళూ కాళ్ళావేళ్ళా పడింది. ఎట్టకేలకు రాశారు. ముద్దాయి దేవమ్మ, సాక్షి కామరాజు.