నేపాల్ వెళ్లేవారు మంచు తినరాదు

"హిమాలయాలు ఎంత ఎత్తయినా కావచ్చు. మా ప్రభుత్వం కళ్లు గప్పి రాయ్‌పూర్ పౌరుడి మీద ఒక్క గులకరాయి కూడా దొర్లించలేవు!"

ఏప్రిల్ ఎండలో మంత్రిగారు ఈ మాట అనగానే షామియానా చప్పట్లతో దద్దరిల్లింది. నేపాల్ ప్రయాణికుల క్షేమ విభాగం అలా పుట్టింది. వారం తిరక్కుండా దానికి బోర్డు వచ్చింది, జీపు వచ్చింది, జీపుకి డ్రైవరు వచ్చాడు. ఇక రావలసింది ప్రయాణికులే.

వాళ్లూ దొరికారు. డబ్ల్యూఆర్ఎస్ రైల్వే కాలనీలో కొత్తకాపురం పెట్టిన ఊర్మిళ, పరదేశి. అతను రైల్వేలో ఫిట్టరు, ఆమె బి.ఏ. ప్రపంచంలో ప్రతిదీ ముద్దొచ్చే రోజులు ఊర్మిళకి. మొగుడు టిఫిన్ క్యారియర్ బిగించే తీరూ ముద్దే, కూలరు గడ్డిలోంచి వచ్చే తడివాసనా ముద్దే. రైల్వే పాసు మీద 'భార్య' అన్నచోట తన పేరు ఉండటం మరీ ముద్దు. ఆ పాసు సరిహద్దులోని రక్సౌల్ దాకా. అక్కణ్ణించి బస్సెక్కితే కాఠ్‌మాండూ. మంచుకొండ ఒక్కటి చూస్తే చాలనుకుంది ఊర్మిళ.

పాసు గడువు మే నెలాఖరుతో సరి. ఫోర్‌మన్ సెలవు చీటీ మీద పెన్ను పెట్టి ఆగాడు. "సర్క్యులరొచ్చిందయ్యా. క్షేమ విభాగం సర్టిఫికెట్ లేనిదే నేపాల్‌కి ఛుట్టీ లేదు."

విభాగానికి స్పెషలాఫీసరు వెంకటరత్నం గారు. స్టేషన్‌లో వంతెన ఎక్కితేనే కళ్లు తిరిగి కూలబడే మనిషి. ఎత్తుల వల్ల కలిగే ప్రమాదం ఆయనకన్నా తెలిసినవారు జిల్లాలో లేరు గనకే ప్రభుత్వం ఆయన్ని ఏరి కోరి తెచ్చుకుంది.

"నేపాల్ ఎందుకమ్మా?"

"హనీమూన్‌కి సార్."

"ప్రమాద కారణాల్లో రాసుకో" అన్నారాయన గుమాస్తాతో.

తరవాత తాను స్వయంగా రచించిన పుస్తకం చేతికిచ్చారు. ఊర్మిళ అక్కడే నిలబడి చదివింది. 'పర్వతములు ఎత్తుగా ఉండును. కావున క్రిందనుండి చూడవలెను. మంచు తెల్లగా ఉండును, తినరాదు. కొండచరియలు విరిగిపడునప్పుడు ప్రయాణికులు వరుస తప్పరాదు. జడలబర్రె ఎదురైనచో ప్రభుత్వ పుస్తకమును చూపవలెను.'

"జడలబర్రెకి చదువొచ్చా సార్?" అంది.

"బొమ్మలు కూడా వేయించామమ్మా."

సర్టిఫికెట్ కావాలంటే ముందు తర్ఫీదు. దాని మొదటి ఘట్టం మంచు తుపాను. భన్‌పురి ఐసు ఫ్యాక్టరీ నుంచి ఊకపొట్టు చుట్టిన దిమ్మలు లారీలో తెచ్చి కాలనీ మైదానంలో పేర్చారు. ప్రారంభించడానికి మంత్రిగారే వచ్చారు. మంచు ఎంత కఠినమైనదో, ఎంత నిర్దయమైనదో, దాన్ని ఎదిరించడానికి ఎంత గుండెనిబ్బరం కావాలో విడమరచి చెప్పారు. చెప్పడం పూర్తయ్యేసరికి మంచు లేదు.

"ఓలమ్మా, సల్లటి నీళ్లన్నీ ఒట్టినే పోతన్నాయి! బాల్టీలట్టుకు రండే!" అని ఊర్మిళ అత్తగారు పైడమ్మ కేకేసింది. కుళాయిలు ఎండిపోయిన కాలనీ ఆడవాళ్లంతా తుపానుని బకెట్లకెత్తుకున్నారు. ప్రకృతి వైపరీత్యాన్ని ప్రజలు ధైర్యంగా ఎదుర్కొన్నారని మర్నాడు పత్రికల్లో పడింది.

రెండో ఘట్టం కొండెక్కడం. రాయ్‌పూర్‌లో కొండ లేదు. ఆ లోటును వెంకటరత్నం గారు ఒక్క సంతకంతో తీర్చేశారు. అభన్‌పూర్ రోడ్డులో తాత్కాలిక కొండకి టెండర్లు పిలిచారు.

"కొండ ఎప్పటికొస్తుంది సార్?" అన్నాడు పరదేశి.

"వానలకి ముందే పోస్తారు. వానలకి కొట్టుకుపోతే మళ్లీ పిలుస్తాం."

"మరి మా పాసు? ఈ నెలాఖరు దాటితే ఇంతేనండి. కొండా లేదు, గిండా లేదు." పరదేశి పాసు తీసి బల్లమీద పెట్టాడు. ఊర్మిళకి ఏడుపొచ్చేటట్టుంది.

వెంకటరత్నం గారు కుర్చీ దగ్గరికి లాక్కుని తండ్రిలా చెప్పారు. "బెంగ దేనికి? తర్ఫీదులో ఉన్నంతకాలం మీకు ఆన్ డ్యూటీ. ఫోర్‌మన్‌కి ఉత్తరం పంపించేశాను."

"కొండ లేని తర్ఫీదేంటి సార్?"

"కొండ లేకపోతేనేం, హాజరుందిగా! మంత్రిగారికి నూటికి నూరు హాజరు చూపించాలి. మీరు వచ్చినా పడుతుంది, రాకపోయినా పడుతుంది."

ఊర్మిళ పరదేశి వైపు చూసింది. పరదేశి గోడగడియారం వైపు చూశాడు. సాయంత్రం బండికి ఇంకా టైముంది.

"తర్ఫీదుకి ట్రంకుపెట్టె ఏటికే?" అంది పైడమ్మ గుమ్మంలో.

"స్వెట్టరు వేసుకోవడం కూడా నేర్పుతారట అత్తా."

నేపాల్ వాళ్లకి ఏ అపకారమూ చెయ్యలేదు. బస్సు కిటికీలోంచి మబ్బు లోపలికొచ్చి ఊర్మిళ ఒళ్లో కూర్చున్నంత పని చేసింది. తెల్లవారుజామున ఎదురుగా మంచుకొండ గులాబిరంగు తిరుగుతుంటే ఇద్దరూ ఒకే గ్లాసులో టీ తాగారు. మంచు దాకా ఎక్కేసరికి పరదేశి చెప్పు తెగింది. ఊర్మిళ గుప్పెడు మంచు తీసి, ప్రభుత్వాన్ని తలుచుకుని, తినేసింది.

వాళ్లు తిరిగొచ్చిన మూడోనాడు సన్మానసభ.

"మా విభాగం పెట్టాక ఈ జిల్లావాళ్లెవరికీ నేపాల్‌లో చిన్న గాయం కూడా కాలేదు! కారణమేమిటి? మేం ఒక్కణ్ణీ వెళ్లనివ్వలేదు!" అన్నారు మంత్రిగారు. మళ్లీ షామియానా దద్దరిల్లింది. నూటికి నూరు హాజరున్న ఆదర్శ దంపతులను వేదిక మీదికి పిలిచారు. చలిగాలికీ ఎండకీ కమిలి పొట్టు రేగిన ఊర్మిళ ముక్కును మంత్రిగారు సభకి చూపించారు. "చూశారా! రాయ్‌పూర్ దాటకుండానే ముక్కు ఇలా అయ్యిందంటే తర్ఫీదు ఏ స్థాయిలో జరిగిందో ఊహించండి!"

అధ్యయనం కోసం మర్నాడే కుటుంబసమేతంగా నేపాల్ వెళ్తున్నట్టు కూడా ప్రకటించి ఆయన దండలు మోయించుకుంటూ దిగిపోయారు.

ఊర్మిళ సర్టిఫికెట్ పట్టుకుని మెట్లు దిగుతుంటే వెంకటరత్నం గారు షామియానా వెనక్కి రమ్మని సైగ చేశారు. ఆమె మెడలో కాఠ్‌మాండూలో కొన్న కొత్త పగడాల దండ వైపు చాలాసేపు చూశారు. ఊర్మిళ చెంగు గబగబా మెడచుట్టూ కప్పుకుంది.

"మంత్రిగారితో నేనూ వెళ్తున్నానమ్మా" అన్నారాయన గొంతు తగ్గించి. "స్వెట్టరు ఒకటి సరిపోతుందా, రెండు పెట్టుకోనా?"

ఊర్మిళ చెంగు వదిలేసింది. "మీ పుస్తకంలో ఉంటుంది కదా సార్."

వెంకటరత్నం గారు అటూ ఇటూ చూశారు.

"అది నేను రాసిందే కదమ్మా. నువ్వు చెప్పు."