అక్క తెరవని ఫ్రీజరు

ఆ ఉదయం డైరెక్టరుగారి ఏర్పాటు చాలా సులువైనది. తనిఖీ సంఘం వచ్చేసరికి ల్యాబు నిశ్శబ్దంగా, అద్దంలా మెరిసిపోతూ ఉండాలి. అరుదైన జబ్బులున్న పిల్లల రక్త నమూనాలను ఊళ్లోని ఆసుపత్రులూ కాలేజీలూ దాచుకునే ఉమ్మడి ల్యాబు అది. ప్రభుత్వ నిధులతోనే నడుస్తోంది. ఎవరి ఫ్రీజరు వాళ్లే కొనుక్కోవచ్చు కదా, దీన్ని మూసేద్దామా అని తేల్చడానికే ఆ సంఘం వస్తోంది. అందుకని ఆ పూట బయటివాళ్లెవరూ రావద్దని డైరెక్టరుగారు కబురు పెట్టారు.

ఫ్రీజర్ల బాధ్యత చూసే ఆవిడను అందరూ ఫ్రీజరక్క అంటారు. ఇంట్లో ఫ్రిజ్ తలుపు తీసి ఆలోచిస్తూ నిలబడ్డందుకు మొగుడికి చీవాట్లు పెట్టే మనిషి. "మనిషి జాడ లేని ల్యాబు చూపిస్తే ఎవరికీ అక్కర్లేదనుకోరా సార్?" అని అడిగింది. డైరెక్టరుగారు వినిపించుకోలేదు. అతిథుల కోసం తెప్పించిన కాఫీ మెషీనును, ఎర్ర టేపు అంటించిన సాకెట్టు ఖాళీగా కనిపిస్తే, స్వహస్తాలతో అందులో పెట్టారు. ఆ లైను ఫ్రీజర్లది. ఫట్‌మని ఫ్యూజు పోయింది.

ఫ్రీజరు ఆగితే నమూనాలు దాచుకున్నవాళ్లందరి ఫోన్లకూ హెచ్చరిక వెళ్తుంది. పొద్దున రావద్దన్నారు, ఇప్పుడు ఫ్రీజర్లు ఆపేశారు. రెండూ కలిపి చూసుకున్న డాక్టర్లు ల్యాబును గుట్టుచప్పుడు కాకుండా మూసేస్తున్నారని తేల్చేసుకున్నారు. ఐసు పెట్టెలు చంకన పెట్టుకుని ఊడిపడ్డారు. మా నమూనాలు మాకివ్వమని వరండా దద్దరిల్లేలా అరిచారు.

అక్క ఫ్రీజరు తలుపుకు వీపు ఆనించి నిలబడింది. తలుపు మూసి ఉంటే చల్లదనం గంటల తరబడి ఎక్కడికీ పోదని, తెరిస్తేనే అంతా పాడవుతుందని గొంతు చించుకుంది. సరిగ్గా అప్పుడే సంఘం అధ్యక్షురాలు అడుగుపెట్టింది. డైరెక్టరుగారి ముఖంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. ఇది ప్రమాదం వస్తే ఏం చెయ్యాలో ముందుగా చేసి చూసుకునే డ్రిల్లని, నెలనెలా చేస్తుంటామని నోటికొచ్చింది చెప్పేశారు.

"డ్రిల్లు కాదండీ, నిజంగానే ఫ్యూజు పోయింది," అంది అక్క.

అయితే నమూనాలు ఎలా ఉన్నాయో చూస్తాను, తలుపు తియ్యమంది అధ్యక్షురాలు.

"తియ్యనండి."

"మీ నిధులు నా సంతకం మీద ఆధారపడి ఉన్నాయి. తెలుసా?"

"తెలుసండి. ల్యాబు మూసేస్తే మూసేయండి. నా చేత్తో మాత్రం ఈ తలుపు తియ్యను. మళ్లీ రక్తం తీసుకుందామంటే, ఈ నమూనాలిచ్చిన పిల్లల్లో కొంతమంది ఇప్పుడు లేరు."

అంతసేపూ అక్క మీద విరుచుకుపడ్డ డాక్టర్లే పెట్టెలు కింద పెట్టి, వచ్చి ఆవిడ పక్కన వరసగా నిలబడ్డారు. ఎలక్ట్రీషియను వచ్చి లైను సరిచేసేదాకా అధ్యక్షురాలు కూడా అక్కడే నిలబడింది. నమూనాలన్నీ క్షేమం.

"అందరి సొత్తు కదా, ఎవరికీ పట్టదనుకుని మూసేద్దామనే వచ్చాను," అంది అధ్యక్షురాలు. "దీన్ని మూస్తే మీరు నన్ను బతకనివ్వరు."

నిధులు కొనసాగాయి, ఒక్క షరతు మీద. నెలనెలా చేస్తామన్న ఆ డ్రిల్లు ఇకనుంచి నిజంగానే చెయ్యాలి, దగ్గరుండి డైరెక్టరే చెయ్యాలి.

డైరెక్టరుగారు ఇప్పుడు నెలకోసారి ఐసు పెట్టెలు మోస్తున్నారు, నడుముకు బెల్టు కట్టుకుని.