లేని యంత్రాన్ని చూచుటకు అనుమతి

మానవజాతి సాధించిన విజయాలన్నింటిలోకీ గొప్పది, కళ్లెదుట ఉన్నదాన్ని చూడటానికి కూడా అనుమతి అవసరమని కనిపెట్టడం. ఈ రంగంలో మా కంటి ఆసుపత్రి అందరికంటే ముందుంది.

కంటి స్కాన్లు దాచే మా కంప్యూటరు నిజానికి కంప్యూటరు కాదు. పెద్ద కంప్యూటరు కడుపులో కూర్చుని, తానూ ఒక కంప్యూటరునని నటించే వర్చువల్ మెషీన్. అది ఒకరోజు లేవడం మానేసింది. దాని డిస్కు మాత్రం ఒకే ఫైలుగా భద్రంగా ఉంది. దాన్ని డిస్క్ ఇమేజ్ అంటారు. యంత్రాన్ని లేపకుండానే, నల్ల తెర మీద ఒక్క కమాండు కొట్టి అందులోకి తొంగిచూడవచ్చు. మా ఆపరేటరుకు ఆ విద్య వచ్చు. (అతని మొదటి తప్పు అదే. రెండోది, వచ్చని చెప్పడం.)

అతని అక్క పాత స్కాను అందులో ఉంది. అది చూడనిదే కత్తి పట్టనన్నారు డాక్టరమ్మ. ఆలస్యమైతే చూపు దక్కదనీ అన్నారు. అక్కకు రెండో కన్ను ఎప్పుడో పోయింది.

ఆపరేటరు దరఖాస్తు పెట్టాడు. తనిఖీల అధికారి కళ్లజోడు సవరించుకున్నారు.

"ఇమేజ్ అని రాశావు. ఫోటో ఏదయ్యా? రెండు కాపీలు జతచెయ్యాలి కదా."

"ఫోటో కాదు సార్, డిస్కు నకలు. వర్చువల్ మెషీన్‌ది."

"వర్చువల్ అంటే?"

"అంటే... నిజంగా ఉండదు సార్."

"ఆలు లేదు, చూలు లేదు, కొడుక్కి తనిఖీ కావాలా నీకు?"

గదిలో అందరం నవ్వాం. (నవ్వనివాళ్లకు సెలవు మంజూరు కాదు.)

అయినా దరఖాస్తును తిరస్కరించలేదు. అది అనువాద విభాగానికి వెళ్లింది. 'డిస్కును రీడ్-ఓన్లీగా మౌంట్ చేస్తాను' (అంటే, ఏమీ మార్చకుండా తెరిచి చూస్తాను) అన్న వాక్యం, 'చదువుతూ మాత్రమే డిస్కు ఎక్కెదను' అయి తిరిగొచ్చింది. ఎక్కడం అనగానే భద్రతాధికారి రంగంలోకి దిగారు. డిస్కు ఎత్తెంత, నిచ్చెన ఎవరు పట్టుకుంటారు, చదువుతూ ఎక్కితే జారిపడరా అని అడిగారు. ఆపరేటరు హెల్మెట్ పెట్టుకుని వెళ్లి సంతకం తెచ్చుకున్నాడు.

"ఎవరికీ చెప్పకుండా చూసెయ్యకపోయావా?" అన్నాను.

"పాస్‌వర్డు అధికారిగారి బీరువాలో ఉంది. బీరువా తాళం ఉన్నాయన సెలవులో ఉన్నాడు."

అక్క వరండా బెంచీ మీదే ఉంది. "తమ్ముడూ, లైటెయ్యరా, చీకటిగా ఉంది" అంది. పట్టపగలు. అతను లేచి, వెలుగుతున్న లైటును ఒకసారి ఆపి మళ్లీ వేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. (మండినట్టు రాతపూర్వకంగా ఎక్కడా లేదు.)

చివరికి అనుమతి వచ్చింది, తాళం ఉన్నాయనా సెలవు నుంచి వచ్చాడు. కమాండు కొట్టగానే స్కాను తెర మీద కనిపించింది. డాక్టరమ్మ దాన్ని చూశారు, అక్క కన్ను చూశారు, ఇక ఆపరేషనుతో పనిలేదన్నారు.

ఫైలు మూయడానికి ఒక్క సంతకం మిగిలింది. 'నా స్కానును స్వయంగా చూచితిని' అన్న వాక్యం కింద రోగి సంతకం. ఎక్కడ పెట్టాలో, అక్క వేలు పట్టుకుని అధికారిగారే చూపించారు.