పరీక్షకు వెళ్ళే మనిషి

తాడేపల్లిగూడెంలో షుగరు పరీక్షకు ఎవరూ స్వయంగా వెళ్ళరు, తమలోంచి పుట్టుకొచ్చిన రెండో మనిషిని పంపుతారు. ఇందులో వింతేమీ లేదు. పరీక్ష దగ్గరపడగానే ఎవరైనా స్వీట్లు మానేస్తారు, రాగి జావ తాగుతారు, తెల్లారగట్ల నడుస్తారు. అలా రెండు మూడు రోజులు గడిచేసరికి మంచం మీద పక్కనే ఒక సన్నపాటి బుద్ధిమంతుడు లేచి కూర్చుంటాడు. ఆయనే వెళ్ళి రక్తం ఇచ్చి, డాక్టరు మెప్పు పొంది వస్తాడు. అసలాయన జిలేబీ కొరకగానే ఈ రెండో ఆయన మాయమైపోతాడు. ఇలాంటివాళ్ళకు ఇంటి పన్ను వర్తించదని మునిసిపాలిటీ ఎప్పుడో తేల్చేసింది. ఓటు హక్కు సంగతి ఇంకా పరిశీలనలో ఉంది.

టెంట్ హౌస్ యజమాని గంధం భీమేశ్వరరావు ఏళ్ళ తరబడి ఇలాగే నెట్టుకొస్తున్నాడు. ఊళ్ళో ఏ పెళ్ళికైనా షామియానా ఆయనదే, కాబట్టి ఏ పెళ్ళి భోజనంలోనైనా ఆయనకో విస్తరి ఉంటుంది. మోకాళ్ళ నొప్పులకు మందుల షాపులో అడిగి తెచ్చుకున్న బిళ్ళల్ని బఠానీల్లా నోట్లో వేసుకుంటాడు. ఆయన రెండో మనిషి మాత్రం ఊరంతటికీ ఆదర్శం. డాక్టర్ ప్రమీల గారు ఆయన్ని చూపించి మిగతా రోగులకు బుద్ధి చెప్పేవారు. మూడు నెలల షుగరు సగటు తేల్చే పరీక్ష రాస్తే మాత్రం, పుట్టి అన్నాళ్ళు కాలేదని ల్యాబువాళ్ళు తిప్పి పంపేవారు.

ఈసారి డాక్టరు గారు ఆయనకు మూత్ర పరీక్ష చేయించారు. ప్రొటీను జాడే లేదు. బీపీ చూశారు, అదీ భేషుగ్గా ఉంది. ఆవిడకు అనుమానం వచ్చింది.

"మీరు పుట్టి ఎన్నాళ్ళయిందండీ?"

"ఆయ్, మొన్న ఆదివారం పొద్దున్నండి" అన్నాడు రెండో మనిషి. అబద్ధమాడటం వాళ్ళకు చేతకాదు.

"అయితే ఇంట్లో ఉన్నాయన్ని రమ్మనండి. కిడ్నీలు చెడిపోతూ కూడా నొప్పి పెట్టవు. మూత్రంలో ప్రొటీను పోవడం మొదలైనప్పుడే పట్టుకుంటే మందులతో, తిండితో కాపాడుకోవచ్చు. నొప్పి బిళ్ళలు వాడుతుంటే ముందు అవి ఆపమనండి. ఆలస్యమైతే నేను చేయగలిగేది పెద్దగా ఉండదు."

రెండో మనిషి ఇంటికొచ్చి పొల్లుపోకుండా అప్పజెప్పాడు. భీమేశ్వరరావు అంతా విని, "నా రిపోర్టు ఎలా ఉంది?" అన్నాడు.

"నిక్షేపంగా ఉందండి."

"మరింకేం?"

"అది ఆయన రిపోర్టండీ, మీది కాదు!" అంది భార్య నాగరత్నమణి. "బాత్రూంలో ఆ నురగేంటి? సాయంత్రమయ్యేసరికి ఆ పాదాల వాపేంటి? మీకేమన్నా అయితే నేనేమైపోవాలి?" ఆవిడకు నిజంగానే భయం వేసింది.

"నీదంతా చాదస్తం" అంటూ ఆయన జిలేబీ పొట్లం విప్పాడు. నచ్చజెప్పబోయిన రెండో మనిషి మాట మధ్యలోనే మాయమయ్యాడు.

తర్వాతిసారి ఆవిడే భర్తను ఆటో ఎక్కించి, చెయ్యి పట్టుకుని మరీ తీసుకెళ్ళింది. ఆస్పత్రి దగ్గర ఆటోలోంచి దిగింది రెండో మనిషే. అసలాయన పెళ్ళివారింట్లో రెండో పంక్తిలో వడ్డన కోసం కూర్చున్నాడని తర్వాత తెలిసింది. ఆవిడ ఇంటిదాకా ఏడుస్తూనే వచ్చింది.

ఏడాది తిరిగేసరికి భీమేశ్వరరావు ఉబ్బిన మొహంతో, ఆయాసంతో డయాలసిస్ మంచం ఎక్కాడు. ముందు ఇక్కడికీ రెండో మనిషినే పంపి చూశాడు గానీ, శుభ్రంగా ఉన్న రక్తాన్ని కడగడానికి నిబంధనలు ఒప్పుకోవని వెనక్కి పంపేశారు. రోగుల్ని చూసుకుంటూ వచ్చిన ప్రమీల గారు ఆయన మంచం దగ్గర ఆగారు.

"మీరెవరండీ?"

"భీమేశ్వరరావునండి. ఎప్పట్నుంచో మీ పేషెంటునేనండి."

ఆవిడ ఆ మొహాన్ని చాలాసేపు చూశారు. ఆ పేరు మీద ఇన్నేళ్ళూ మందులు రాసింది ఆవిడే, మనిషిని చూడటం మాత్రం ఇదే మొదలు. ఆవిడకు కోపం రాలేదు, దుఃఖం వచ్చింది.

"ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదండీ?"

భీమేశ్వరరావు సిగ్గుపడ్డాడు.

"రిపోర్టు కాస్త బాగుపడ్డాక వద్దామనుకున్నానండి."

పక్క మంచాలవాళ్ళందరూ న్యాయమే కదా అన్నట్టు తలలూపారు.