పక్క సీటు బరువు

ఆ జనవరి ఉదయం మరియదాసు వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్యను రైల్వే స్టేషనుకు తీసుకువెళ్ళాలి. ప్లాట్‌ఫారం మీదున్న బరువు చూసే మిషను ఎక్కించాలి. అది ఇచ్చే చీటీ జేబులో వేసుకుని ఇంటికి వచ్చేయాలి. ఎందుకో మాత్రం ఆమెకు చెప్పకూడదు. సంసారాలు తలకిందులు కావడానికి ఇంతకన్నా పెద్ద పథకాలు అక్కరలేదు.

మరియదాసుకు గవర్నరుపేటలో కుట్టుమిషన్ల షాపు, పటమటలో ఇల్లు ఉన్నాయి. పిల్లలు లేరు. ఆ సంగతి గురించి భార్యాభర్తలు మాట్లాడుకోవడం ఎప్పుడో మానేశారు. వేరే సంగతులు కూడా పెద్దగా లేకపోవడంతో ఇంట్లో గోడ గడియారం చప్పుడు తప్ప ఏమీ వినిపించేది కాదు. అలాంటి ఇంటికి రెండేళ్ళ కిందట అతను ఒక కారు తోలుకొచ్చాడు. చల్లపల్లి అవతల ఎవరి దొడ్లోనో కోళ్ళు కాపురం ఉంటున్న పాత ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు. పైన కప్పు లేదు. నేలకు జానెడు ఎత్తులో ఉంటుంది. పెట్రోలు ధర మండిపోతున్న రోజుల్లో దాన్ని కొన్నవాణ్ణి చూసి పటమటంతా జాలిపడింది.

మొదటి రోజే అతను భార్య శౌరమ్మను పక్కన కూర్చోబెట్టుకుని కరకట్ట మీద బయలుదేరాడు. కుడివైపు మలుపులో కారు ఎడమకు ఒరిగింది. కారుతోపాటు శౌరమ్మా ఒరిగింది. కోళ్ళ కాలం నాటి తలుపు గడియ ఊడిపోయింది. ఆమె చెరుకు తోట బోదెలో, బురదలో కూర్చుని చూస్తూండగా మరియదాసు ఆమెకు ఇంజను గురించి చెబుతూ ఇంకా చాలా దూరం వెళ్ళాడు. వెనక్కి వచ్చాక ఆమె ఒకటే మాట అంది. "ఒరిగే బండి నేనెక్కను." అప్పటినుంచి ఆదివారాలు అతను కారులోనూ, ఆమె రిక్షాలోనూ ఒకే చర్చికి వెళ్ళేవారు.

పక్క సీటు ఖాళీగా కనిపించినప్పుడల్లా మరియదాసుకు మనసు పిండినట్టయ్యేది. అతనికి మిగిలిన కోరిక ఒక్కటే. ఫిబ్రవరి పదకొండున గుణదల కొండ మాత తిరునాళ్ళకు శౌరమ్మను ఆ సీట్లో కూర్చోబెట్టి తీసుకువెళ్ళాలి. కారు ఒరగకుండా ఉండాలంటే ముందు చక్రాలను రెంటినీ కలుపుతూ వంచిన ఇనప కడ్డీ ఒకటి బిగించాలని, దాన్ని స్వేబార్ అంటారని ఏదో పాత విదేశీ పత్రికలో చదివాడు. మద్రాసునుంచి రెండు తెప్పించాడు. ఒకటి చిటికెనవేలంత సన్నం, ఇంకోటి బొటనవేలంత లావు. ఆటోనగర్‌లో లారీ స్ప్రింగులు కట్టే సొలొమోను రెంటినీ అటూ ఇటూ తిప్పి చూశాడు.

"సన్నది వేస్తే మళ్ళీ ఒరుగుద్ది సార్. లావుది వేస్తే ఒరగదు గానీ, పక్క సీట్లో బరువు చాలకపోతే గుంట వచ్చినప్పుడల్లా ఎగరేస్తది. అమ్మగారు ఎన్ని కిలోలుంటారు?"

"నాకేం తెలుసు?"

"పెళ్ళయి ఎన్నేళ్ళయింది సార్?"

"ఇరవై."

సొలొమోను బార్లు రెండూ కింద పెట్టాడు. "కనుక్కు రండి. అంత బరువు ఇసక మూటలు సీట్లో పెట్టి, బండి దిగాల్సినంత దిగాక అప్పుడు బోల్టులు బిగిస్తా."

కారు కోసమంటే శౌరమ్మ మిషను ఎక్కదు. అందుకే ఆ ఉదయం, స్టేషనులో కాఫీ బాగుంటుందని చెప్పి తీసుకువెళ్ళాడు. ఇరవై ఏళ్ళలో ఎన్నడూ కాఫీకి పిలవని మొగుడు పిలిచేసరికి ఆమెకు అప్పుడే కీడు తోచింది. కాఫీ తాగాక, మిషను ఎక్కమనేసరికి సిలువ గుర్తు వేసుకుని ఎక్కింది. ఆ రోజుల్లో ఆ వైపు ఒంటి బరువు చూసుకునేది డాక్టరు చూసుకోమంటేనే. కాటాతో పని ధాన్యం బస్తాకు, జబ్బు మనిషికి మాత్రమే.

చీటీ బయటికొచ్చింది. యాభై కిలోలు. అరవై ఐదన్నా ఉంటుందని లావు బార్ మీద ఆశ పెట్టుకున్న మరియదాసు ముఖం వాడిపోయింది.

"ఇంత తక్కువా," అని నిట్టూర్చాడు.

"తక్కువైతే ఏమవుద్దండీ?"

"ఏం లేదులే."

"వెనక జాతకం కూడా వేస్తారంటగా. ఏముంది?"

"త్వరలో ఒక ప్రయాణం ఉందంట," అన్నాడతను గుణదల తలుచుకుంటూ. శౌరమ్మ అక్కడున్న బెంచీ మీద కూర్చుండిపోయింది.

మరియదాసు దారంతా ఆలోచించాడు. సన్నది వేస్తే ఆమె మళ్ళీ బురదలో పడుతుంది. లావుది వేస్తే ఎగిరిపడుతుంది. బార్ మార్చడం కంటే భార్యను మార్చడం తేలికనిపించింది. అంటే ఆమెను కాస్త లావు చేయడమన్నమాట. ఆ సాయంత్రం నుంచే ఇంటికి గుడ్లు, నెయ్యి, చక్రకేళీలు, మేక కార్జం రావడం మొదలైంది. ఆమె తినడం పూర్తయ్యేదాకా అతను ఎదురుగా కూర్చునేవాడు. చెయ్యి కడుక్కోబోతే ఇంకో ముద్ద అనేవాడు. తిన్నావా అని ఎన్నడూ అడగని మనిషి ఇలా బతిమాలుతుంటే శౌరమ్మకు ఒక్కొక్క ముద్దా ఆఖరిదేమోననిపించేది. పోయేవాళ్ళకు తప్ప ఇంత మర్యాద ఎవరికి జరుగుతుందని ఆమె దిగులు.

శౌరమ్మ తమ్ముడు ఏసుపాదం కంకిపాడులో ఒక డాక్టరు దగ్గర కాంపౌండరు. మరియదాసు అతని దగ్గరికి కూడా వెళ్ళాడు.

"మనిషి తొందరగా బరువు పెరగాలంటే ఏం మందివ్వాలి?"

"ఎవరికి బావగారూ?"

"మీ అక్కకే. పదకొండో తారీఖులోగా పెరగాలి."

"అంత తొందరేంటండీ?"

"ఆ తర్వాత పెరిగినా లాభంలేదు," అన్నాడు మరియదాసు దిగులుగా. "అక్కకి మాత్రం తెలియనివ్వకు. కంగారు పడుద్ది."

ఏసుపాదం చేతిలోని సీసా కింద పెట్టాడు. టానిక్కు ఇచ్చి పంపించి, ఆసుపత్రి వెనక్కి వెళ్ళి ఏడ్చాడు. సాయంత్రానికి ఆ రహస్యం పెద్దక్క తెరేసమ్మకు చేరింది. ఆమె ఎవరికీ చెప్పవద్దని ఒట్టు పెట్టి కంకిపాడులో సగం మందికి చెప్పింది. మర్నాడు చుట్టాలు సపోటాల బుట్టతో దిగారు. శౌరమ్మ వంటింట్లోంచి వస్తే మాటలు ఆగిపోయేవి. ఆమె కూర్చుంటే నలుగురూ లేచి దిండు తెచ్చేవారు. ఎప్పుడో పట్టుకెళ్ళిన పట్టుచీర తెరేసమ్మ తనంతట తానే తిరిగి ఇచ్చేసింది. దానితో శౌరమ్మకు ఉన్న కాస్త అనుమానం కూడా తీరిపోయింది.

చుట్టాలు వెళ్ళాక, పొద్దు వాలే వేళ ఆమె భర్త దగ్గరికొచ్చి నిలబడింది.

"నాకు తెలిసిపోయిందండీ."

మరియదాసు ఉలిక్కిపడ్డాడు. సొలొమోను నోరు జారాడనుకున్నాడు. "నిన్ను కంగారు పెట్టడం ఎందుకని చెప్పలేదు శౌరీ. ముందే చెబితే ఒప్పుకుంటావా?"

"ఎవరన్నా ఒప్పుకుంటారా. ఎన్నాళ్ళు పడుద్ది?"

"తిరునాళ్ళలోపే అయిపోద్ది."

ఆమె చీర కొంగు వేళ్ళకు చుట్టుకుంది. "ఆ తర్వాత మీరొక్కరే కదా. అదే నా బెంగ."

"ఒక్కణ్ణే ఎందుకుంటాను?" అన్నాడు మరియదాసు, సంతోషం పట్టలేక. "ఇన్నాళ్ళూ పడింది చాలు. ఇక పక్కన ఖాళీ ఉండనిస్తానా?"

శౌరమ్మ లోపలికి వెళ్ళి బియ్యం ఏరడానికి కూర్చుంది. ఏరిన రాళ్ళే మళ్ళీ బియ్యంలో వేసి మళ్ళీ ఏరింది. తను పోకముందే పక్కన ఇంకొకర్ని కూర్చోబెట్టే ఏర్పాట్లు జరుగుతున్నాయన్న బాధ ఒకవైపు, పోవడం ఇష్టంలేని భయం ఇంకోవైపు. తెల్లవారాక తెరేసమ్మను వెంటబెట్టుకుని గుణదల కొండ ఎక్కి, మాత ముందు మోకరించి చాలాసేపు ఏడ్చింది. తిరునాళ్ళ దాకా ప్రాణం నిలిపితే ఒకటి సమర్పించుకుంటానని మొక్కుకుంది. ఏమిటా ఒకటి అని తెరేసమ్మ దారంతా అడిగితే, దిగేటప్పుడు చెవిలో చెప్పింది. తెరేసమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది.

పదకొండో తారీఖు వచ్చింది. పొద్దున్నే మంచు పట్టి ఉంది. మరియదాసు చీకటితోనే ఆటోనగర్ వెళ్ళిపోయాడు. కంకిపాడు చుట్టాలంతా ఆఖరి చూపు దక్కాలని వరండాలో చేరారు. ఒకాయన పూలదండ కూడా తెచ్చి గొడుగు చాటున దాచాడు. ఉతికిన చీర కట్టుకుని, జపమాల చేతిలో పట్టుకుని శౌరమ్మ మధ్యలో కూర్చుంది. మూడు వారాల నెయ్యికి బుగ్గలు నున్నగా మెరుస్తున్నాయి.

వీధిలో హారన్ మోగింది. మరియదాసు కారు గుమ్మం ముందు ఆపి, దిగి, పక్క తలుపు తీసి పట్టుకున్నాడు. "రా శౌరీ. ఇక ఒరగదు. లావు బార్ వేయించాను."

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఏసుపాదమే ముందుగా తేరుకున్నాడు. "ఈ టైములో కారేంటి బావగారూ? అక్క పరిస్థితి తెలిసి కూడా."

"పరిస్థితేంటి? యాభై నాలుగు కిలోలైనా అయ్యుంటుంది. సొలొమోను అంతే మూటలు పెట్టి బోల్టులు బిగించాడు. మెల్లగా తోలితే ఆ బరువు చాలన్నాడు." అని మరియదాసు స్టేషనునుంచి సొలొమోను దాకా అంతా చెప్పుకొచ్చాడు.

"అయితే జబ్బు లేదా?" అన్నాడు ఏసుపాదం.

"ఎవరికి?"

గొడుగాయన దండతో సహా వెనక వాకిట్లోకి వెళ్ళిపోయాడు. శౌరమ్మ మాత్రం నవ్వలేదు. జపమాల గుప్పిట్లో బిగించింది. "నేను అమ్మకి మొక్కుకున్నానండీ," అంది మెల్లగా. "బతికితే మీ కారు ఇచ్చేస్తానని."

మరియదాసు చేతిలోని తలుపు దానంతటదే మూసుకుంది. "నీకు జబ్బే లేదుగా. మొక్కెలా చెల్లుద్ది?"

"లేదని ఎవరన్నారు మరిదిగారూ?" అంది తెరేసమ్మ. "ఉండే ఉంటది. మొక్కుకున్నాక పోయింటది."

అది కాదనడానికి డాక్టరు కావాలి. అక్కడున్నది కాంపౌండరే.

శౌరమ్మ వచ్చి కారులో కూర్చుంది. మరియదాసు వీలైనంత నెమ్మదిగా నడిపాడు. దగ్గర దారి వదిలేసి, మలుపులు ఎక్కువున్న దారి పట్టాడు. కాలువ వంతెన దగ్గర పెద్ద మలుపులో ఆమె భయంగా తలుపు పట్టుకుంది. కారు ఒరగలేదు. గుంటలో దిగినా ఎగరలేదు. ఆమె చెయ్యి వదిలేసింది.

"బాగుందండీ. అసలు ఒరగట్లేదు."

"ఒరగదు."

"ఇదంతా నాకోసమేనా?"

"మరింకెవరికి?"

"ఒక్క మాట చెప్తే పోయేదిగా."

మరియదాసు రోడ్డు కేసే చూశాడు. "కారు బదులు జుట్టు ఇస్తే కుదరదా? నాది కూడా ఇస్తాను."

"మాట ఇచ్చి బేరమాడతామా." అంటూనే ఆమెకు కళ్ళు నిండాయి. రెండేళ్ళుగా ఎక్కనన్న కారు, ఎక్కిన గంటకే పరాయిదైపోతోంది. "ఇంకోసారి ఆ వంతెన మలుపు తిప్పండి," అంది.

తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. ఆ పైన తిప్పితే గుణదల దాకా పెట్రోలు చాలదు.

గుణదలలో ఫాదరుగారు తాళం చెవి తీసుకుని, ఆ రెండు సీట్లనూ చాలాసేపు జాలిగా చూశారు. తిరిగి వచ్చేటప్పుడు తిరునాళ్ళ జనంలో తొక్కుకుంటూ ఎలాగో బస్సు ఎక్కారు. మరియదాసుకు కిటికీ పక్కన, శౌరమ్మకు అతని పక్కన చోటు దొరికింది. కాలువ వంతెన మలుపులో బస్సు ఒక పక్కకు ఒరిగింది. శౌరమ్మ పూర్తిగా భర్త మీదికి ఒరిగిపోయింది. మలుపు దాటాక కూడా లేవలేదు.

ఆ బస్సుకు స్వేబార్ ఉన్నట్టు లేదు.